తూటా ఇరుక్కుంటే తప్పెవరిది?

టమాటా నారు గురించి రాయమని నలుగురైదుగురు అడిగినారు. అది వచ్చే వారం రాస్తా. ఈసారి తుపాకి కథ. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మా అక్క కొడుకు కాలేజీ ట్రైనింగ్ క్యాంపు నుంచి పలమనేరు బస్టాండులో దిగి నేరుగా మా ఇంటికొచ్చినాడు. డిగ్రీ రెండో సంవత్సరం. మిలిటరీకి పోవాలని తెల్లారుజామున లేచి పరిగెత్తే పిల్లోడు. ఆరోజు సంగటి ముద్ద ముందర పెట్టుకుని కెలుకుతా కూర్చున్నాడు. ఏమిరా అంటే చాలాసేపటికి నోరు తెరిచినాడు.

"ఫైరింగులో ఐదు రౌండ్లు ఇచ్చినారు మామా. రెండోది లోపలికి పోకుండా ఇరుక్కునె. నాలుగోది మళ్లీ ఇరుక్కునె. టైం అయిపోయె. టార్గెట్లో మూడే బొక్కలు. పక్కనోళ్లు నవ్వినారు. తుపాకి పట్టే రాత నాకు లేదులే, మానేస్తా."

నాకైతే నవ్వు రాలేదు. 1986లో నేనూ అట్లాంటి క్యాంపులోనే, అట్లాంటి పాయింట్ 22 రైఫిల్ మీదనే ఒక తప్పు చేసినా. అది తర్వాత చెప్తా. వాడికి మాత్రం ఒకటే చెప్పినా. "రేయ్, మీ తాత పుట్టక ముందు నుంచీ ఈ తూటా ఇరుక్కుంటానే ఉండాది. ముందు దాని కథ విను. తప్పెవరిదో తర్వాత తేలుద్దాం."

ఆరోజు వాడికి చెప్పిందే మీకూ రాస్తా ఉండా.

మన సీమకు తుపాకి కొత్త కాదు. పాళెగాళ్ల కాలంలో వత్తి అంటించి పేల్చే తుపాకులు పట్టినోళ్లు ఇక్కడ ఉన్నారు. హైదరాలీ ఆర్కాటు మీద యుద్ధం చేస్తా చేస్తా 1782 డిసెంబరు 7న కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే. 1801లో ఆర్కాటు నవాబు సీమ కంపెనీ చేతికి పోయింది. 1804లో చిత్తూరు పాళెగాళ్లు తిరగబడితే కంపెనీ దండు వచ్చి అణిచేసింది. తర్వాత 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం తెచ్చినారు. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాల, తెల్లోడికి అక్కర్లేదు. అట్లుండేది న్యాయం.

స్వతంత్రం వచ్చినాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసినారు. దాంట్లో 13వ సెక్షను మనలాంటోళ్లు ఒకసారి చదవాల్సిందే. నిజంగా పంట కాపాడుకునేదానికి అని అడిగే రైతు కోసం అందులో రాసిన తుపాకి ఏదో తెలుసా? మూతి నుంచి మందు కూరే తుపాకి. పాయింట్ 22 రైఫిల్ పేరు కూడా ఆ సెక్షన్లోనే ఉంది, అయితే సర్కారు గుర్తించిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి నేర్చుకునేదానికి. అంటే మన తాతల చేతికి కూరే తుపాకి, క్లబ్బోళ్ల చేతికి పాయింట్ 22. ఊళ్లో రైతు కొడుకు పాయింట్ 22 ముట్టుకోవాలంటే ఒకటే దారి, కాలేజీలో చేరి ఖాకీ యూనిఫాం వేసుకోవడం.

కూరే తుపాకి చూసిన పెద్దోళ్లు ఇంకా ఉన్నారు. మందు పోసి, కూరి, రవ్వలేసి, మళ్లీ కూరి, ఇంత తతంగం. ఈలోగా పంది పక్క కయ్యలోకి పోయేది. కానీ ఒకటి గమనించండి. ఆ తుపాకిలో తూటా ఇరుక్కోవడం అనే మాటే లేదు. అన్నీ చేత్తోనే. చెయ్యి చేసే పని యంత్రానికి అప్పజెప్పిన రోజు నుంచే ఈ ఇరుకుడు మొదలయింది. గింజ చేత్తో వేసినంత కాలం గొర్రు జడ్డిగం పూడుకుపోయింది అనే మాట లేదు కదా, అట్లనే ఇదీ.

ఇప్పుడు 1857కి పోదాం. మన దేశంలో ఆ సంవత్సరం అనగానే సిపాయిల తిరుగుబాటు గుర్తొస్తుంది. ఎన్‌ఫీల్డ్ తుపాకికి వాడే కాగితం తూటాను పంటితో కొరికి మందు పోసుకోవాల. దానికి పూసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ మాట పుట్టింది. మీరట్‌లో 85 మంది సవార్లు తూటాలు ముట్టమన్నారు. మే 10న దేశం అంటుకుంది. తూటాను తుపాకికి ఎట్లా తినిపించాలి అన్న చిన్న సంగతి ఒక రాజ్యాన్నే కుదిపింది.

సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ అనే కంపెనీ తన మొదటి రివాల్వరుతో ఒక బుల్లి తూటా అమ్మకానికి పెట్టింది. పేరు పాయింట్ 22 షార్ట్. కాగితం లేదు, కొరికేది లేదు. పల్చటి లోహపు గొట్టం, దాంట్లోనే మందు, మూతికి సీసం గుండు. దీనికి దారి వేసింది ఫ్రాన్సు దేశపు ఫ్లోబేర్, 1845లో. ఇంట్లో గురి ఆటకు అని చిన్న తూటా చేసినాడు. ఆ వంశంలోనే 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా తెచ్చింది. మా వాడి రైఫిల్లో ఇరుక్కుంది అదే. దాదాపు నూటనలభై ఏళ్లయినా దాని కొలతలు అట్లనే ఉన్నాయి.

ఈ తూటా అడుగు భాగం చూస్తే చిన్న సీసా మూత మాదిరి అంచు బయటికి వచ్చి ఉంటుంది. ఆ అంచు లోపల బోలుగా ఉంటుంది. దెబ్బ తగిలితే అంటుకునే మందు ఆ బోలులోనే ఉంటుంది. రైఫిల్ సూది వచ్చి అంచును చిదిమితే నిప్పు పుడుతుంది, తూటా పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అన్నారు. పెద్ద తూటాలకు మందు నడిమధ్యలో వేరే బిళ్లలో ఉంటుంది. రిమ్‌ఫైర్‌కు ఆ బిళ్ల లేదు కాబట్టి చౌక. నేర్చుకునేవాళ్లకు, గురి ఆటకు ప్రపంచమంతా ఇదే.

అయితే చౌకతనానికి మూడు చిక్కులు వెంట వచ్చినాయి. ఒకటి, అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచులు ఒకదానికొకటి తగులుకుంటాయి. రెండు, గుండు మెత్తని సీసం, దేనికి తగిలినా నొక్కుపోతుంది. మూడు, ఆ గుండుకు బయట మైనం పూత ఉంటుంది. మైనానికి దుమ్ము అంటితే ఏమవుతుందో మనకు చెప్పనక్కర్లేదు, నూనె కారే ఇంజనుకు మట్టి పట్టినట్టే.

ఈ తూటా పుట్టింది ఒక్కొక్కటి చేత్తో వేసుకునే తుపాకుల కోసం, రివాల్వర్ల కోసం. మ్యాగజైన్ అనే డబ్బా తర్వాత వచ్చింది. బోల్ట్ యాక్షన్ అయితే అంతకు ముందే ఉంది. తలుపు గడియ మాదిరి పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వాల్చడం. జర్మనీవాడు డ్రైసె చేసిన అట్లాంటి తుపాకిని ప్రష్యా సైన్యం 1841లో తీసుకుంది. 1879లో జేమ్స్ పారిస్ లీ అనే ఆయన బోల్ట్ కింద పెట్టె మ్యాగజైన్ పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగు తూటాలను పైకి నెడతా ఉంటుంది, బోల్ట్ ముందుకు పోతా పైదాన్ని అంచు పట్టి తోసుకుపోతుంది. ఆయన పేరుతోనే 1895లో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. మన పోలీసుల భుజాన ఎన్నో ఏళ్లు చూసిన త్రీనాట్‌త్రీ అదే. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన దేశంలోనే లక్షల్లో చేసినారు.

ఇప్పుడు అసలు తమాషా. త్రీనాట్‌త్రీ తూటా ఖరీదు, దెబ్బ గట్టిది, దానికి పెద్ద రేంజి కావాల. కొత్త సిపాయికి చౌకగా నేర్పాలంటే అదే రైఫిల్ గొట్టాన్ని పాయింట్ 22కి మార్చితే చాలు అనుకున్నారు. మార్చినారు. కానీ మ్యాగజైన్? పెద్ద తూటాకి చేసిన పెట్టెలో ఈ బుల్లి తూటా నిలబడదు. 1918లో ఒక ఉపాయం చేసినారు. త్రీనాట్‌త్రీ తూటా ఆకారంలో డొల్ల గొట్టం చేసి, దాని లోపల పాయింట్ 22 తూటా పెట్టి, ఆ గొట్టాలను మ్యాగజైన్లో నింపడం. సిపాయికి నిజం తూటాతో చేసినట్టే అలవాటవుతుంది అని. వినేదానికి బాగుంది. కానీ ప్రతి గొట్టంలో తూటా పెట్టాల, పేలినాక తియ్యాల, కడగాల. అది ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత వచ్చిన శిక్షణ రైఫిళ్లలో ఒక్కొక్క తూటా చేత్తో చాంబర్లో పెట్టుకోవడమే. మ్యాగజైన్ పెట్టెలో స్ప్రింగు తీసేసి, పేలిన ఖోకాలు దాంట్లో రాలేటట్టు వదిలేసినారు. ప్రపంచాన్ని ఏలిన సైన్యమే ఈ బుల్లి తూటా ముందు చెయ్యెత్తి, మళ్లీ చేతి పనికి వచ్చింది. మా వాడికి ఇది చెప్పినప్పుడు మొదటిసారి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మన దేశంలో 1948లో చట్టం చేసి ఎన్‌సీసీ మొదలుపెట్టినారు. పిల్లలకు రైఫిల్ అంటే పాయింట్ 22నే. మొదట ఆ మార్చిన లీ ఎన్‌ఫీల్డులు. తర్వాత డీలక్స్ అని పిలిచే తేలికైన రైఫిల్, 43 అంగుళాల పొడవు, 6 పౌండ్ల 2 ఔన్సుల బరువు, కాల్చే దూరం 25 గజాలు. దానికి మ్యాగజైన్ ఉంది. మ్యాగజైన్ ఉంది కాబట్టి పాత చిక్కులన్నీ ఉన్నాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. 1986లో నాకు మూడో రౌండ్ ఇరుక్కునింది. బోల్ట్ ముందుకు పోలా. పక్కన టైం అయిపోతా ఉంది. నేనేం చేసినా, అరచేత్తో బోల్ట్ పిడిని గట్టిగా ఒక దెబ్బ కొట్టినా. రెండో దెబ్బకు చెయ్యెత్తేసరికి వెనకున్న హవల్దారు నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు ఎంత గట్టిగా ఉందంటే సాయంత్రం దాకా నొప్పి. తిట్టలేదు. ఆ తూటా బయటికి తీసి నా చేతిలో పెట్టి చూపించినాడు. అంచు వంకర పోయి ఉంది. ఇందాక చెప్పినా కదా, పేలే మందు ఉండేది ఆ అంచులోనే. ఇంకో దెబ్బ పడి ఉంటే బోల్ట్ బిగుసుకోకుండానే, నా ముఖం ముందరే అది పేలి ఉండొచ్చు. నాకు ఇప్పుడు రెండు కళ్లూ ఉన్నాయంటే ఆయన పుణ్యమే.

కాబట్టి మొదటి మాట ఇదే. ఇరుక్కున్న తూటాను బలంతో తొయ్యొద్దు, దేంతోనూ పొడవొద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, చెయ్యెత్తి నేర్పేవాళ్లను పిలవాల. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకూడదు. కనీసం అర నిమిషం మూతి టార్గెట్ వైపే పెట్టి ఆగాల. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది.

ఆ తర్వాతే తప్పు వెతకడం. ఇది మనకు తెలిసిన విద్యే. మోటరు నీళ్లెత్తకపోతే ఏం చేస్తాం? బోరు ఎండిపోయిందని ఏడుస్తామా? కరెంటు, ఫ్యూజు, ఫుట్‌వాల్వ్, పైపు, ఒక్కొక్కటే చూస్తాం. ఒకేసారి రెండు మార్చితే ఏది తప్పో తెలీదు. రైఫిల్‌కూ నాలుగే చోట్లు. తూటా, మ్యాగజైన్, రైఫిల్, చెయ్యి.

మ్యాగజైన్ మార్చి చూడాల. తప్పు మ్యాగజైన్ వెంట పోతే దొంగ దొరికినట్టే. దాని పై పెదవులు వంగి ఉంటాయి, లేదా స్ప్రింగు సత్తువ పోయి ఉంటుంది, లేదా లోపల మురికి పట్టి పైకి నెట్టే రేకు ఆగి ఆగి వస్తా ఉంటుంది. పెదవి ఎక్కువ తెరుచుకుంటే తూటా ముక్కు పైకెగిరి చాంబర్ మూతికి తగులుతుంది. స్ప్రింగు నీరసంగా ఉంటే ముక్కు కిందికి వాలుతుంది, లేదా బోల్ట్ తూటాను పట్టకుండా ఖాళీగా మూసుకుంటుంది. మ్యాగజైన్ క్లిక్ అని కూర్చోకపోయినా ఇదే జరుగుతుంది. నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందు పడాల. వెనక పడితే రెండు అంచులు కొక్కెం వేసుకుంటాయి.

తూటా పెట్టె మార్చి చూడాల. వేరే పెట్టెతో సరిగా నడిస్తే తప్పు తూటాది. ముక్కు నొక్కుకుపోయినవి, పచ్చగా చిలుము పట్టినవి, ఇసక అంటినవి పక్కన పెట్టి అప్పజెప్పాల.

ఏ మ్యాగజైన్ పెట్టినా, ఏ పెట్టె తెచ్చినా ఆ ఒక్క రైఫిల్లోనే ఇరుక్కుంటే తప్పు రైఫిల్‌ది. చాంబర్లో మైనం, మసి, సీసం కలిసి గారలాగా పట్టి ఉండొచ్చు. తూటా ముప్పాతిక పోయి బిగుసుకుంటుంది. పుల్‌త్రూకు చిందీ కట్టి లాగితే చాలావరకు పోతుంది. ఖోకా బయటికి రాకపోతే దాన్ని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మురికి చేరి ఉంటుంది, లేదా కొక్కెం అరిగి ఉంటుంది. ఇంకొకటి చాలామందికి తెలీదు. రిమ్‌ఫైర్ రైఫిల్‌ను ఖాళీగా పెట్టి ట్రిగ్గర్ ఊరికే నొక్కతా ఉంటే, సూది పోయి చాంబర్ అంచునే కొడుతుంది. అక్కడ గంటు పడి లోహం లోపలికి పొడుచుకొస్తుంది. ఇంక తూటా సాఫీగా దూరదు. దీన్ని మనం ఆకురాయి పెట్టి అరగదీసేది కాదు. ఆర్మరర్ చూడాల.

ఈ మూడూ మార్చినా తప్పు మనిషి వెంటే తిరిగితే, అది చెయ్యి. భయంతో బోల్ట్‌ను సగమే వెనక్కి లాగుతారు. ఖోకా పూర్తిగా బయటపడదు, కొత్త తూటా వెనక్కి బోల్ట్ చేరదు. మెల్లగా, వణకతా తోసినా ఇదే. ఆఖరు దాకా లాగాల, ఒకే ఊపులో ముందుకు తొయ్యాల. గట్టిగా కాదు, పూర్తిగా.

ఇదంతా విన్నాక మా వాడిని అడిగినా. "రెండోది ఎట్లా ఇరుక్కునింది?" ముక్కు పైకి లేచి నిలబడిందన్నాడు. "నాలుగోది?" లోపలికి పోయి బిగుసుకునిందన్నాడు. "రౌండ్లు చేతికిచ్చినప్పుడు యాడ పెట్టుకున్నావు?" కాసేపు ఆలోచించినాడు. "పడుకునే పట్టా మీద పెట్టినా మామా. ఇసక ఉండె." అంటే మొదటిది బోల్ట్ సగం లాగడమో మ్యాగజైనో. రెండోది మాత్రం ఖాయంగా వాడిదే. మైనం పూసిన తూటాను ఇసకలో పెట్టినాడు. వాడి ముఖం వాడిపోలేదు, వెలిగింది. రాత బాగలేదు అంటే చేసేదేం లేదు. ఇసకలో పెట్టినా అంటే రేపు పెట్టకుంటే సరి.

ఇంకొక సంగతి కూడా చెప్పినా. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ ఉంది. 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్‌కు కంచు పతకం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ ఈ పోటీలో కూడా దిగినాడు. 2024 పారిస్‌లో మహారాష్ట్ర పిల్లోడు స్వప్నిల్ కుసాలె దీంట్లోనే కంచు తెచ్చినాడు. అది ఇదే పాయింట్ 22 తూటా. ఆ పోటీలో మ్యాగజైన్ వాడనే వాడరు. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకుంటారు. లోకంలో అందరికన్నా బాగా కాల్చేవాళ్లు కూడా మన కూరే తుపాకి తాతల మాదిరి చేతినే నమ్ముకున్నారు చూడండి.

ఆఖరుగా మనలో మన మాట. ఇది చదివి ఎవరైనా పందుల కోసం రైఫిల్ అని ఆలోచిస్తే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని కొట్టినా నేరమే, కౌండిన్య అడవి నుంచి దిగే ఏనుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ఈ బుల్లి తూటా 1,700 గజాల దాకా పోగలదు, అంటే ఒకటిన్నర కిలోమీటరు పైమాటే. మన కయ్య నుంచి అంత దూరంలో ఎవరి పాకలో ఎవరి బిడ్డ ఉంటాడో రాత్రి పూట మనకేం తెలుసు?

మా వాడు మంగళవారం మళ్లీ కాలేజీకి పోయినాడు. పోయేముందు జేబురుమాలు ఒకటి అడిగి తీసుకున్నాడు, రౌండ్లు పెట్టుకునేదానికంట. మీ ఇళ్లల్లో యూనిఫాం వేసుకునే పిల్లలుంటే ఇది చదివి వినిపించండి. ముఖ్యంగా అరచేత్తో కొట్టొద్దు అన్న మాట.

వచ్చే వారం టమాటా నారుతో కలుద్దాం.